బావి అడుగున తడిసిన ముడి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడో, ఆ పై ఏడో సరిగ్గా చెప్పలేను గానీ, మా చేలో బావి తవ్వుతున్నప్పుడు నాకు పెళ్లయి మూడేళ్లు. జమ్మలమడుగుకు ఉత్తరాన నాపరాయి నేల మాది. పైన మూరెడు మట్టి, కింద అంతా రాయి. పలుగూ పారా పనికొచ్చేది ఆ మూరెడు వరకే. తర్వాత రాతికి బెజ్జాలు తొలిచి, వాటిలో మందు తూటాలు కూరి పేల్చుకుంటూ దిగాల్సిందే. ఆ పేల్చే పనిలో తీగల ముళ్లు వేసింది నేను. మా మనవరాళ్లకు చెబితే నవ్వుతారు. నవ్వుకోనీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మందు పెట్టడానికి మా ఇంటాయన ఒక ముసలాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన మంగంపేట దిక్కున ముగ్గురాయి గనుల్లో చాలా ఏళ్లు పేలుళ్ల పని చేసినవాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, కుడిచేతి బొటనవేలు వంగదు. అంతకుముందు మా పక్క ఊళ్లలో వత్తి అంటించి పరిగెత్తేవాళ్లు. ఈయన పద్ధతి వేరు. తూటాలో వేలెడు పొడవున్న ఒక రాగి గొట్టం దూర్చేవాడు. దాన్ని కేపు అంటారు. కేపు నుంచి రెండు సన్న తీగలు బయటికి వస్తాయి. ఒక కేపు తీగను పక్క కేపు తీగతో కలుపుకుంటూ పోయి, చివర మిగిలిన రెండు కొసలను పొడుగాటి తీగల జంటకు కట్టి, ఆ జంటను బావి పైన దూరంగా ఉన్న ఒక చెక్కపెట్టెకు బిగిస్తారు. పెట్టెకు ఒక ఇనుప పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే కరెంటు పుట్టి, అన్ని కేపులూ ఒక్కసారే పేలతాయి.

ఆ తీగల కొసలు గీకి మెలిపెట్టడానికి ముసలాయనకు వేళ్లు లేవు. కూలీలకు నేర్పి చూశాడు. సమ్మెట పట్టిన వేళ్లు, వాళ్ల మెలిలో తీగ తెగిపోయేది. నేను ఒకరోజు సంగటి గంప దించి, వాళ్లు పడే అవస్థ చూసి, ఒక ముడి వేసి చూపించాను. దీపాలకు వత్తులు చేసే చేతులు కదా. ఆయన దాన్ని పట్టుకుని గట్టిగా గుంజి చూశాడు. ఊడలేదు.

"లాగితే ఊడకూడదు, తడిస్తే సావకూడదు. ఈ రెండూ ఉంటేనే ముడి బిడ్డా" అన్నాడు.

ఆ మాట ఆయనకు గనిలో ఒక ఇంజనీరు చెప్పిందట. అక్కడ తవ్విన ముగ్గురాయిని పొడి చేసి ఓడల మీద దూరదేశాలకు పంపుతారట. ఆ దేశాల్లో కోసుల లోతు బావులు దించి నేల నుంచి నూనె తోడుతారు, బావిలో పోసే బురదను బరువెక్కించడానికి వాళ్లకు ఈ పొడి కావాలి. అంత లోతు బావిలోకి మనిషి దిగలేడు గనక, అడుగు రాతికి బెజ్జాలు కొట్టేందుకు తూటాలు బిగించిన ఇనుప గొట్టాలను ఒకదాని చివర ఒకటి మరలతో అతికించి, తీగకు కట్టి చీకట్లోకి వదులుతారు. ప్రతి అతుకూ గొట్టాల బరువు మోయాలి, లోపల కరెంటునూ దాటించాలి. అతుకుకు అతుకుకూ మధ్య రబ్బరు చుట్టు ఉంటుంది. ఒక్క అతుకులోకి చెమ్మ దూరినా దాని కింద ఉన్నదంతా పేలకుండా మూగబోతుంది. మూగబోయినదాన్ని పైకి లాగేటప్పుడు అక్కడున్న వాళ్లెవరూ మాట్లాడరట. ముసలాయన ఇది చెబుతుంటే మా అత్త తాళ్లు పేనుతూ విన్నది.

"వాళ్లకు నూనె ఊరితే ఊరనీలే. మనకు నీళ్లూరితే సాలు, నూనె గానుగాయప్ప పోస్తాడు" అన్నది. అందరూ నవ్వారు.

అప్పటినుంచి ముళ్లు వేయడం నా పనయింది. కోడలు బావిలోకి దిగడమేమిటని మా అత్త రెండు రోజులు ముఖం ముడుచుకుంది. రాయి మెత్తబడదు గదా, తానే మెత్తబడింది.

మేము లోతును మట్లలో చెప్పుకుంటాం. మనిషి నిలబడి చెయ్యెత్తితే ఒక మట్టు. అప్పటికి ఆరు మట్లు దిగిన బావి అది. గోడకు తొలిచిన మెట్లమీదుగా, కూలీలంతా పైకి వచ్చేశాక, ముసలాయనా నేనూ మాత్రమే దిగేవాళ్లం. కింద నిలబడితే ఆకాశం కంచమంత కనిపించేది. ఎంత ఎండైనా అడుగున చల్లగా, పాతకుండలోకి తలపెట్టినట్టు ఉండేది. తీగ గీకితే ఆ చప్పుడు గోడకు తగిలి నా వెనక నుంచి వినపడేది. నా వెనక ఎవరో కూర్చుని తమ తీగ తాము గీక్కుంటున్నట్టే ఉండేది. మొదటిరోజు రెండుసార్లు తిరిగి చూశాను. ముసలాయన గమనించి, తిరగొద్దని చేత్తో సైగ చేశాడు. మందు పెట్టాక అడుగున ఆయన మాట్లాడేవాడు కాదు, నన్నూ మాట్లాడనిచ్చేవాడు కాదు.

ముడి వేశాక దానిమీద నల్ల టేపు మూడు చుట్లు చుట్టాలి. మా ఇంటాయన ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన చుట్ట ఒక్కటే ఉండేది. నాకు ఏ వస్తువైనా అయిపోతూ ఉంటే చూడబుద్ధి కాదు. ఉప్పయినా అంతే, అగ్గిపుల్లయినా అంతే. మొదటి రెండు పేలుళ్లకే ఆ చుట్ట సగమైంది. ముడి ఊడకుండా ఉండటానికే గదా ఈ చుట్టడం, దానికి ప్రొద్దుటూరు టేపే కావాలా అనుకున్నాను. పాత నల్లచీర పేలికలకు తేనెమైనం రాచి, ఎండబెట్టి, వాటిని చుట్టడం మొదలుపెట్టాను. అవీ నల్లగానే ఉండేవి. ముసలాయన కంటిచూపు ఆ మసకలో ఆనేది కాదు. నేనూ చెప్పలేదు.

మూడు పేలుళ్లు పేలికలతోనే జరిగాయి. ఒక్కటీ తప్పలేదు. తడిస్తే చావకూడదన్న మాట నా చెవిన పడకపోలేదు. పడి, నిలవలేదు. మా నేలలో పుట్టినవాళ్లకు నీళ్లు తక్కువై చేటు రావడం తెలుసు. నీళ్లు వచ్చి చేటు చేయడం మా తాతముత్తాతలెవరూ చూడలేదు.

పేలికలతో నాలుగోసారికి, పొద్దున్నే మా ఇంటాయన దిగేసరికి అడుగున రాయి చెమర్చి ఉంది. ఉత్తరపు గోడ మొదట్లో చెయ్యిపెడితే చెయ్యి తడిసింది. ఆ తడిచేతిని ఆయన పైకొచ్చి వాళ్లమ్మకు చూపించాడు. ఆమె ఆ చెయ్యి తన చెంపకు ఆనించుకుంది. గంగమ్మ కదిలిందని కూలీలు దండాలు పెట్టారు. ఐదు బెజ్జాలు తొలిచి, మందు కూరి, మమ్మల్ని పిలిచారు.

నేను దిగి ముళ్లు వేశాను. ఉత్తరపు గోడ దగ్గర బెజ్జం చుట్టూ అరచేతిలో పట్టేంత నీళ్లు నిలిచి ఉన్నాయి. వరసలో చివరిది గనక దాని తీగలకు అటు పక్క కేపుతో ఒక ముడి, ఇటు పొడుగు తీగతో ఒక ముడి. రెండింటికీ మైనపు పేలిక చుట్టి, ఆ తడిరాతి మీదే పెట్టాను. ఎత్తుగా పెట్టాలని తోచనే లేదు. పైగా ఆ నీళ్లలో వేలు ముంచి కళ్లకద్దుకున్నాను.

బాటమీద బండ్లు ఆపడానికి ఎర్రగుడ్డ ఎగరేశారు. పశువుల్ని దూరం తోలారు. మేమంతా చేను గట్టు వెనక కూర్చున్నాం. ముసలాయన మూడుసార్లు కేకపెట్టి పిడి తిప్పాడు.

పేలింది. నేల అదిరింది, పొగ లేచింది, రాళ్లు ఎగిరి పడ్డాయి. అందరూ లేచారు. నాకు మాత్రం ఆ చప్పుడు ఇంకా అయిపోలేదనిపించింది. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆపి, నోరు తెరుచుకునే ఉన్నట్టుంది. ఎప్పుడూ పేలుడు కాగానే బావి గోడల్లోని పావురాళ్లు మీద తిరిగి తిరిగి, పొగ పలచబడగానే దిగేవి. ఆరోజు అవి తిరుగుతూనే ఉన్నాయి.

ముసలాయన పెట్టె నుంచి పిడి ఊడదీసి రొంటిన దోపుకుని, తీగలు విప్పేసి, ఎర్రగుడ్డ దించడానికి బాట దగ్గరకు నడిచాడు. నేను ఎప్పటిలాగే ఒడ్డుకు వెళ్లి పొడుగు తీగ లాగడం మొదలుపెట్టాను. పేలిన తర్వాత తీగ బరువు లేకుండా పైకి వచ్చేస్తుంది. తెగిన కొసలు కత్తిరించి చుట్టి దాచేదాన్ని, దడి కట్టడానికి పనికొచ్చేవి. ఆరోజు రెండు బారలు వచ్చి ఆగింది. రాయి కింద పడి ఉంటుందని మళ్లీ లాగాను. రాయి కింద పడిన తీగ కదలదు, నాకు తెలుసు. ఇది కొంచెం వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది. చేప గాలానికి పడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. చీకటి గదిలో పసిపిల్ల మన కొంగు పట్టుకుంటే ఎలా ఉంటుందో తెలుసు. అలా ఉంది. వదిలేశాను.

ఆ పాటికే మా ఇంటాయన మెట్లు దిగుతున్నాడు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పేలుడయ్యాక మొదట నేల సొంతదారుడే దిగాలి. ముందు తాడుకు కట్టి దీపం దించుతారు, చెడుగాలి ఉంటే అది ఆరిపోతుంది. దీపం నిలిస్తే ఆయన పసుపు కుంకుమలు, గడ్డపార పట్టుకుని దిగి, కొత్తరాతికి బొట్టుపెట్టి, మొదటి దెబ్బ తానే వేయాలి. దీపం నిలిచింది. ఆయన దిగుతున్నాడు.

శుభానికి పోతున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన కట్టుబాటు. నేను పెళ్లయిన మూడేళ్లలో ఆయన్ని వెనక నుంచి ఒక్కసారి పిలవలేదు. అందులోనూ నీళ్లు కనబడిన రోజు, అత్త కొబ్బరికాయ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్న రోజు. పిలిస్తే ఎందుకు పిలిచావని అడుగుతారు. చెబితే టేపు సంగతి చెప్పాలి. ముసలాయన బాట దగ్గర ఉన్నాడు, ఆయన వచ్చాక చెవిలో చెబుదామా అని అటు చూశాను. దూరం. ఇటు చూశాను. మా ఇంటాయన చివరి మెట్టు దిగి, రాళ్ల కుప్ప మీదుగా ఉత్తరపు గోడ వైపే నడుస్తున్నాడు. బొట్టుపెట్టాలంటే తడి ఉన్నచోటే కదా పెట్టేది. బొట్టుపెట్టాడు. గడ్డపార ఎత్తాడు.

"కొట్టొద్దు" అన్నాను.

గట్టిగా అనలేదు. బావి దాన్ని పెద్దది చేసింది. అడుగు నుంచి అదే మాట నా గొంతుతో మళ్లీ పైకి వచ్చింది. ఆయన గడ్డపార దించి, రెండు రాళ్ల సందున నిలబెట్టి, పైకి చూశాడు.

మా అత్త కొబ్బరికాయ కింద పెట్టి నా ముందుకొచ్చింది. "ఏమ్మే, పోయే మనిషిని ఎనక పిలుస్తాండావే. అన్నమే తింటాండావా నువ్వు?"

నేను వంగి కిందికే చెప్పాను. "ఒగటి పేల్లేదు. తీగ లాగితే రాలేదు. కింద పట్టుకోనుండాది."

"పట్టుకోనుండాదా? ఎవురు, గంగమ్మా?" అని ఆయన నవ్వాడు.

"నేను టేపు సుట్టలేదు. గుడ్డపేలిక సుట్టినా. ఆడ తడి ఉండాది."

ఆయన నవ్వు ఆగిపోయింది. తన పాదాల దిక్కు చూసుకున్నాడు. అప్పుడు, అందరూ ఊరుకున్న ఆ నిమిషంలో, అడుగున రాళ్ల మధ్య నీళ్లు కదిలే చప్పుడు వినపడింది. నిద్రలో ఎవరో పెదవులు చప్పరించినట్టు ఉంది. ఆ చప్పుడు కోసం మేము రెండేళ్లు ఎదురుచూశాం. వినపడితే ఒక్కరూ దండం పెట్టలేదు.

కూలీలు ఎవరో పరిగెత్తి ముసలాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన నన్ను తిట్టలేదు. ఏ ముడి అని ఒక్కమాట అడిగాడు. ఉత్తరపు గోడ కాడిదని చెప్పాను. ఒడ్డున బోర్లా పడుకుని, తల కిందికి పెట్టి, పసిబిడ్డతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పాడు.

"అప్పా, గడ్డపార యాడ నిలబెట్టినావో ఆడనే ఉండనీ. ఎత్తొద్దు, పండబెట్టొద్దు. పోయేటప్పుడు ఏ రాళ్లమీద కాలు పెట్టినావో ఆ రాళ్ల మీదనే పెట్టుకోని రా. తొందరొద్దు."

మా ఇంటాయన వచ్చాడు. కుప్ప మీద అది ఏడడుగుల దూరం. ఒక్కో అడుగూ వేసి, బరువు మోపి, ఆగి, మళ్లీ వేశాడు. ఒకచోట రాయి దొర్లింది. అది దొర్లి ఆగేదాకా బావిలోనూ పైనా ఎవరూ కదల్లేదు. మెట్టు మీద కాలు పెట్టాక గానీ నాకు కళ్లు కనబడలేదు. పైకొచ్చి నా పక్కనుంచి పోతూ ఆయన నా ముఖం చూడలేదు.

పేలకుండా మిగిలిన కేపు ఆలస్యంగా కూడా పేలొచ్చట. ముసలాయన ఆకువక్క నమిలి, మళ్లీ ఇంకొకటి నమిలి, ఎండ గోడ సగానికి జరిగేదాకా ఎవరినీ ఒడ్డుకు రానీయలేదు. తర్వాత ఒక్కడే దిగాడు. ఇనుము ముట్టకుండా ఉత్త చేతులతో రాళ్లు ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టాడు. పైకి వచ్చి చెప్పింది ఇది: నాలుగు పేలాయి. తడిలో రెండు ముళ్ల మధ్య కరెంటు నీళ్లలోంచే అడ్డదారిన పోయి, ఐదోదాన్ని ముట్టనే లేదు. దాని తీగలు రెండూ బాగున్నాయి. తవ్వి తీయడానికి వీల్లేదు, మళ్లీ కలిపి పేల్చాల్సిందే. నీళ్లు పాదం మునిగేంత వచ్చాయి. ఇంకా ఆగితే తీగ కొసలు మునుగుతాయి. మునిగితే ఆ తూటా అడుగున అలాగే ఉండిపోతుంది, ఏ రోజు ఎవరు దిగినా దాని నెత్తిమీదే దిగాలి.

చెప్పి, తన చేతుల దిక్కు చూసుకున్నాడు. ఆ తర్వాత నా దిక్కు చూశాడు.

"అది దిగదు. నా కొడుకు దిగుతాడు" అన్నది మా అత్త. మా ఇంటాయన అప్పటికే కండువా తలకు చుడుతున్నాడు. ఆయన వేసిన ముడి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

నేను ఇంటికి పరిగెత్తి, మిగిలిన సగం టేపు చుట్ట తెచ్చాను. కొంగు దోపుకున్నాను. ముసలాయన రొంటిలోంచి పిడి తీసి నా చేతిలో పెట్టాడు. పిడి నా దగ్గర ఉన్నంతసేపు పైన ఎవరూ పెట్టె తిప్పలేరు. కింద ముడి వేసేవాళ్ల దగ్గరే పిడి ఉండాలన్నది ఆయన గని పద్ధతి. నడుముకు ఆ ఇనుము చల్లగా తగిలింది.

ముసలాయనా నేనూ దిగేసరికి కింద నీళ్లు చీలమండ దాకా వచ్చాయి. గడ్డపార అలాగే నిలబడి ఉంది, పక్కన తడిరాతి మీద బొట్టు కరిగి ఎర్రగా కారుతోంది. ముసలాయన రాళ్లు పేర్చి మోకాలెత్తు తిన్నె కట్టాడు, ముళ్లు దానిమీద పెట్టమని చూపించాడు. రాళ్ల సందులోంచి తీగలు రెండు నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకున్నాను. అది వేళ్ల మధ్య కొట్టుకుంటోంది. నాడి కొట్టుకున్నట్టే. చెయ్యి వెనక్కి తీయబోయాను. ముసలాయన నా మణికట్టు పట్టుకుని, తన వేలు దానిమీద పెట్టి, అది నాదేనని తలూపాడు. అవును, నా నాడే. అయినా ఆ తీగ రెండో కొస దేనిలో ఉందో తలుచుకుంటే, అది నాదొక్కదానిదే అని నమ్మడం కష్టమైంది.

గీకాను. నా వెనక మళ్లీ ఎవరో గీకారు. తిరగలేదు. మెలిపెట్టాను, మడిచాను, టేపు చుట్టాను. మూడు కాదు, చుట్ట అయిపోయేదాకా చుట్టాను. రెండో ముడికి సరిగ్గా సరిపోయింది. లాగితే ఊడలేదు.

పైకి వచ్చి పిడి ఆయనకిచ్చాను. ఎర్రగుడ్డ ఎగిరింది, మూడు కేకలు వినపడ్డాయి. ఈసారి పేలినప్పుడు నీళ్లు కూడా లేచాయి. ఆ తుంపర మా ముఖాల మీద పడింది. తీగ లాగితే దారప్పోగులా వచ్చేసింది. ముసలాయన చాలాసేపు చెవి నేలకానించి విన్నాడు. అంతా పోయినట్టే అన్నాడు. పోయినట్టే అన్నాడు గానీ పోయింది అనలేదు. ఆ తేడా నేను విన్నాను, మా అత్త కూడా విన్నది.

పొగ పోయింది, దీపం నిలిచింది. మా ఇంటాయన కొత్త గడ్డపార తీసుకుని దిగాడు. మా అత్త వచ్చి ఒడ్డున నా పక్కనే కూర్చుంది.

"వాడు కిందుండేంత వరకూ నువ్వు ఈడ నుంచి లేయొద్దు. పొయ్యి నేను సూసుకుంటా" అన్నది.

ఆ సాయంత్రానికి కడవ మునిగేన్ని నీళ్లు వచ్చాయి. కొంచెం ఉప్పదనం. ఆ బావిని ఇంకో రెండు మట్లు దించడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. ఆయన కింద ఉన్న ప్రతి పూటా నేను ఒడ్డున కూర్చునే ఉన్నాను. ఇనుము రాతికి తగిలేది. ఆ తర్వాత కాసేపు ఏమీ వినపడేది కాదు. మళ్లీ దెబ్బ వినపడేదాకా నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు.